పీనుగ లేని పాడె

రాయమల్లు ఏ వస్తువు దగ్గర కూర్చున్నా ముందు ఎడమ అరచెయ్యి దాని మీద ఆనిస్తాడు. కుడిచేతి వేలి గణుపుతో రెండుసార్లు తడతాడు. తల కొంచెం పక్కకు వంచి ఆగుతాడు. హోటల్లో బల్ల కావచ్చు, ఆటో వెనక రేకు కావచ్చు, కొడుకు పెండ్లి మాటలకు పోయినప్పుడు వియ్యంకుడు మురిసిపోతూ చూపించిన టేకు తలుపు కావచ్చు. ఆగి, ఒక్క మాట చెబుతాడు. గట్టి. లేదంటే బోలు. మూడో మాట ఆయన దగ్గర లేదు. వియ్యంకుడి తలుపును బోలు అన్నాడు. పెండ్లి ఆగలేదు గానీ ఆ వియ్యంకుడు ఇప్పటికీ ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోతాడు.

ఉద్యోగమంతా భూమి కింద, బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. మందు పేల్చి, పొగ తగ్గాక, బొగ్గు ఎత్తేవాళ్లకంటే ముందు లోపలికి పోయేది టింబర్‌మన్. ఎడమచెయ్యి పైకప్పు రాయికి ఆనించి, కుడిచేత్తో గడ్డపార ఎత్తి పొడిచి చూస్తాడు. గట్టి కప్పు గంటలా పలుకుతుంది. పొర విడిచిన కప్పు మద్దెలలా పలుకుతుంది. చెవి ఒక్కోసారి మోసపోతుంది. అరచెయ్యి మోసపోదు. పొర విడిచిన రాయి చేతి కింద సన్నగా అదురుతుంది. అదిరితే దుంగ నిలబెట్టాలి, లేకపోతే అక్కడికి మనిషిని రానివ్వకూడదు. రాయమల్లు గట్టి అన్న చోట మనుషులు కూర్చుని సద్ది తిన్నారు, తంబాకు నలుపుకున్నారు, వీలు చిక్కితే కునుకు తీశారు. బోలు అన్న చోటికి ఎవరూ పోలేదు. కప్పు మనసు కష్టపెట్టుకుంటుందని బోలును గట్టి అన్నవాడు ఆ బాయిలో లేడు.

డ్రిల్లు మోతకు చెవులు సగం పోయాయి. ఉద్యోగం దిగిపోయేనాటికి ఆయనకు మనుషుల మాటకంటే బల్లల మాట బాగా వినిపించేది.

గోదావరిఖని చౌరస్తా దగ్గర సంపత్‌కు మొబైల్ షాపు ఉంది. బొగ్గుబాయిల ముచ్చట్లతో ఒక యూట్యూబ్ ఛానల్ కూడా నడుపుతాడు. రాయమల్లు ఒకనాడు ఫోన్ బాగు చేయించుకోవడానికి పోయేసరికి షాపులో కాసిపేట సమ్మవ్వ పాట మోగుతోంది. రాయమల్లు స్పీకర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"బోలు," అన్నాడు.

"డబ్బానా కాక?"

"పాట."

సంపత్ నవ్వి, ఇంకోసారి అనమని ఫోన్ పట్టుకున్నాడు. రాయమల్లు ఇంకోసారి అన్నాడు. ఎందుకు బోలో కూడా చెప్పాడు. ఆ ముక్కను సాయంత్రానికి రామగుండం నుంచి బెల్లంపల్లి దాకా జనం చూశారు. సమ్మవ్వ పాటను ఒక మాట అన్నవాడు అప్పటిదాకా ఈ బొగ్గు పట్టీలో పుట్టలేదు మరి.

ఇక్కడ చావింటికి వచ్చిన ఆడమనిషి ఊరికే ఏడవదు. గడప దాటుతూనే రాగం ఎత్తుతుంది. పోయినవాడిని పేరు పెట్టి పిలుస్తుంది. వాడికి ఏ కూర ఇష్టం, ఎవరితో మాట బందు పెట్టుకున్నాడు, ఏ కోరిక తీరకుండా పోయాడు, అన్నీ వరసగా తీస్తుంది. దాన్నే శోకం తీయడం అంటారు. సంగతులు లేని శోకాన్ని ఆడవాళ్లు లెక్కచేయరు. ఇంకో కట్టడి కూడా ఉంది. శోకానికి పిలుపు ఉండదు. ఇంటివాళ్లు పిలిస్తే వచ్చే ఏడుపు ఏడుపు కాదు.

ఆ పనిలో సమ్మవ్వను మించినది లేదు. బాయిలో మనిషి పోయాడంటే ఏ ఊరైనా పోయేది. పోయినవాడు ముక్కూముఖం తెలియనివాడైనా సరే, గడప అవతల ఇద్దరు ఆడవాళ్లను పట్టుకొని కాసేపు సంగతులు అడిగేది. తర్వాత లోపలికి పోయి వాణ్ణి తానే పెంచినట్టు ఏడ్చేది. పట్నం నుంచి క్యాసెట్ల కంపెనీవాళ్లు వచ్చి ఆమెను తీసుకుపోయారు. తొమ్మిది క్యాసెట్లు వచ్చాయి. ఆటోల్లో, హోటళ్లలో, కల్లు దుకాణాల్లో అవే. చివరిది ఆమె కొడుకు మొగిలి బాయిలో పోయాక వచ్చింది. తొమ్మిదింటిలో అన్నిటికంటే ఎక్కువమంది విన్నది దాన్నే, ఎక్కువమంది ఏడ్చింది దానికే. దాని తర్వాత ఆమె మళ్లీ మైకు ముందు నిలబడలేదు.

తొమ్మిదింటినీ వరసగా తేల్చమని సంపత్ అడిగాడు. వారానికి ఒకటి. ఆదివారం పొద్దున షాపులో బల్ల మీద పాత టేపురికార్డరు పెట్టేవాడు. రాయమల్లు దాని మీద చెయ్యి ఆనించి రెండు వైపులా వినేవాడు. తర్వాత మాట్లాడేవాడు.

మొదటిది గట్టి అన్నాడు. "గీ పాటల సచ్చిపోయినోడు నా కండ్ల ముంగట నిలవడ్డడు. వానికి ఒక కాలు పొట్టి. సైకిల్ ఎక్కేటప్పుడు అరుగు వెతుక్కుంటడు," అన్నాడు. రెండోది కూడా గట్టే. మూడోదానిలో ఒక వైపు గట్టి, ఒక వైపు బోలు. "రెండోపక్క పాడెటప్పుడు ఆమెకు ఎవలో చాయ దెచ్చిచ్చిండ్రు. గొంతుల చాయ వాసన వస్తున్నది." నాలుగోది పెట్టి సగంలోనే ఆపమన్నాడు. "గిది పీనుగ లేని పాడె. నలుగురు మోస్తున్నరు, డప్పు కొడుతున్నరు, పేలాలు చల్లుతున్నరు. పైన ఎవ్వడు లేడు." ఐదోదాని గురించి, "ఆమె ఏడుస్తలేదు. ఏడుస్తె ఎట్లుంటదో యాది చేసుకొని చెప్తున్నది," అన్నాడు. ఆరోది, ఏడోది, ఎనిమిదోది కూడా అదే దారి పట్టాయి.

జనానికి ఆ మాటలు కల్లు కంటే ఎక్కువ నచ్చాయి. ఉప్పు తగ్గిన కూరను పీనుగ లేని పాడె అన్నారు. యూనియన్ నాయకుడి ఉపన్యాసాన్ని అదే అన్నారు. కొత్తగా పెండ్లయి అలిగి పుట్టింటికి పోయిన కోడలు లేని మంచాన్ని కూడా అన్నారు. ముసలామెను ఎందుకు సతాయిస్తున్నారని ఎవరో ఒకరిద్దరు వీడియో కింద రాశారు. సంపత్ దాన్ని చదివి వినిపించాడు.

"కప్పు ముసలిదని దుంగ పెట్టకుంట ఇడిసిపెడుతరా?" అన్నాడు రాయమల్లు. అది కూడా పెట్టాడు సంపత్. దానికీ నవ్వారు.

ఎనిమిదోది అయ్యాక సంపత్ కాసిపేట పోయాడు, ఆమె చేత ఒక తిట్టు తిట్టించి తెద్దామని. సమ్మవ్వ వాకిట్లో కంది పప్పు ఏరుతోంది. మనవరాలి ఫోన్లో ఎనిమిదీ విన్నదట. తిట్టలేదు. చేట పక్కకు పెట్టి ఒక్కటే అడిగింది.

"తొమ్మిదోది ఎప్పుడు జెప్తడు?"

"భయపడుతున్నది కాక," అన్నాడు సంపత్ తిరిగొచ్చాక. "కొడుకు పాట గద."

రాయమల్లుకు కూడా అలాగే అనిపించింది.

అప్పటికి ఆయన భార్య ఐలవ్వ మంచాన పడి ఉంది. కడుపులో గడ్డ. కరీంనగర్ దవాఖానలో చూసి, ఇక ఇంట్లోనే ఉంచండి అన్నారు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. కొడుకు ఓపెన్‌కాస్టు గనిలో డ్యూటీకి పోతే కోడలు రమ చూసుకునేది. ఐలవ్వకు నొప్పి ఉన్నప్పుడు మాట్లాడేది కాదు. నొప్పి తగ్గినప్పుడు ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు.

"ఇగో," అంది ఒక మధ్యాహ్నం. "నేను పోతె సమ్మవ్వ రావాలె."

"ఎవలొస్తె ఏంది."

"ఎవలొస్తె ఏందా? మా అవ్వ పోయిననాడు ఆమె వచ్చింది. మా అవ్వ కొంగుల మక్కపేలాలు మూటగట్టుకొని, ఎవ్వలు జూడకుంట ఒక్కొక్కటి నోట్లేసుకుంటుండె అని గూడ తీసింది. ఎవలు జెప్పిండ్రో ఏమో. మాకైతె తెల్వదు. మేం పెద్దగైనంక ఆమె దిక్కు చూడనే లేదు. సచ్చిపోయినంక మా అవ్వ కనవడ్డది మాకు."

రాయమల్లు మంచం పట్టె మీద వేలి గణుపుతో తట్టాడు.

"నాయి గూడ ఎవలన్న తియ్యాలె. పేరు పెట్టి, నేను జేసినయి, చెయ్యనియి, అన్ని. నువ్వు తియ్యవు. నీకు రెండే మాటలొస్తయి."

"పిలుస్త లే."

"పిలిస్తె వస్తదానయ్యా? ఇన్నేండ్లు ఏ దేశంల ఉన్నవు?" ఊపిరి కూడదీసుకుంది. "ఆమెకు ఆమెనే రావాలె. నువ్వేమో ఆమెను బజార్ల పెట్టి తొక్కుతున్నవు. అయిందేమో అయింది. తొమ్మిదోదాన్ని మాత్రం ఏమనకు. గది కొడుకు పాట. గది గూడ తిడితె ఆమె ఈ గడప తొక్కది."

"బోలైతె?"

"బోలైతె నోరు మూసుకో."

"నేను నోరు మూసుకుంటె బోలనే సమజైతది అందరికి."

"అయితె గట్టి అను. ఏం పోతది? గా పాట కింద ఎవలు కూసోని సద్ది తింటున్నరు, మీద పడెటందుకు?"

ఆమె నవ్వింది. నవ్వితే కడుపు పట్టేసి, గోడ వైపు తిరిగింది.

రాయమల్లు తొమ్మిదోదాన్ని ఆదివారం దాకా ఆగకుండా ఇంట్లోనే విన్నాడు. వెనక గదిలో తలుపు దగ్గరికి వేసి, టేపురికార్డరు ఒళ్లో పెట్టుకొని. గొంతు తొమ్మిదింటిలోకీ అందమైనది. ఎక్కడా జీర రాలేదు, ఎక్కడా ఆగలేదు.

ఇల్లు జూత్తె నువ్వే కొడుకా, వాకిలి జూత్తె నువ్వే
తొవ్వ జూత్తె నువ్వే కొడుకా, పొద్దు జూత్తె నువ్వే

ఆ తర్వాత కీబోర్డు. పెండ్లి ఊరేగింపులో వాయించేలాంటి ముక్క. మళ్లీ పాట. అన్నీ అలాంటి చరణాలే. మొగిలి అన్న పేరు లేదు. మొగిలి ఏం తినేవాడో లేదు. వాడికి నత్తి ఉండేదని, కోపం వస్తే నత్తి పోయేదని బాయిలో అందరికీ తెలుసు. అది లేదు. ఏ ఊళ్లో ఎవరి కొడుకు పోయినా సరిపోతుంది. అందుకే ఇంటింటా మోగింది.

మొగిలి పోయిననాడు రాయమల్లు కాసిపేట పోయి ఉన్నాడు. ఆ రోజు సమ్మవ్వ నోరు తెరవలేదు. ఊరి ఆడవాళ్లంతా ఆమె రాగం ఎత్తుతుందని చూశారు. ఆమె కొడుకు చెప్పులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. అంతే. కొన్ని నెలలకు ఈ క్యాసెట్ వచ్చింది.

ఆయన చేతి కింద డబ్బా మొదటి చరణం నుంచి అదురుతూనే ఉంది.

శనివారం చాయ హోటల్లో బద్రుద్దీన్ కలిశాడు. రాయమల్లు టింబర్‌మన్‌గా ఉన్నప్పుడు ఆయన సర్దార్. టింబర్‌మన్ మాట మీద మనుషులను లోపలికి పంపించే పని ఆయనది.

"ఏం జడ్జి సాబ్, రేపు ఫైసలా ఏంది?"

"ఇంక ఇనలే."

"జూట్. నీ మొఖం జూస్తె ఇన్నట్టే ఉన్నది." బద్రుద్దీన్ సాసర్లో చాయ పోసుకున్నాడు. "మా షాహీదా గా పాట పెట్టుకోకుంట రొట్టె చెయ్యది. ఏడ్చుకుంట చేస్తది. నాకు ఉప్పు రొట్టెలు. నువ్వు బోలు అన్నవనుకో, రొట్టె బంద్ నాకు."

"గట్టి అంటె?"

"నువ్వు గట్టి అంటె గట్టే భాయ్. నీ మాట మీద నేను ఎంతమంది పోరగాండ్లను లోపలికి తోలిన. ఒక్కనాడు మళ్ల అడిగిన్నా?"

రాయమల్లు బల్ల మీద ఉన్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆదివారం షాపు ముందు పదిమంది గుమిగూడారు. సంపత్ రెండు ఫోన్లు నిలబెట్టాడు. పాట మోగింది. రాయమల్లు చెయ్యి ఆనించి రెండు వైపులా కదలకుండా విన్నాడు. టేపు తిరగడం ఆగింది.

"గట్టి."

సంపత్ ఎదురుచూశాడు. "ఇంకేమన్న జెప్పు కాక. ఎట్ల గట్టి?"

"ఏమున్నది జెప్పెటందుకు. గట్టి."

సాయంత్రానికి అది అన్నిటికంటే ఎక్కువగా తిరిగింది. బండరాయి కరిగిందని కొందరు రాశారు. కాక ఎవరికో అమ్ముడుపోయాడని కొందరు రాశారు. పెండ్లాం మంచాన ఉంటే పులి పిల్లి అయిందని ఒకడు రాశాడు. వాడికి ఎలా తెలిసిందో ఏమో. గోదావరిఖనిలో మంచాన పడ్డవాళ్ల సంగతి దాగదు.

మర్నాడు హోటల్లో బద్రుద్దీన్ వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. రాయమల్లు పోయి ఎదురుగా కూర్చుంటే చాయ మీది నుంచి తల ఎత్తకుండా మాట్లాడాడు.

"మా షాహీదా ఖుష్ అయింది."

"మంచిదే గద."

"నాకే నిద్ర వస్తలేదు భాయ్. గా పాట బోలు. చెవులున్నోనికి ఎవనికైనా తెలుస్తది. నువ్వు గట్టి అన్నవు." సాసర్ పక్కకు నెట్టాడు. "నువ్వు గట్టి అన్న కప్పులన్ని ఇప్పుడు యాదికొస్తున్నయి. అందుల ఎన్ని గిసుంటివో. మనోళ్ల నసీబు మంచిగుండి బతికిండ్రేమో."

"బాయిల నేను ఒక్కనాడు గట్ల అనలే."

"గా మాటకు గూడ గట్టే అంటున్నవు," అన్నాడు బద్రుద్దీన్, లేచి పోతూ. చాలా మామూలుగా అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ హోటల్‌కు రాలేదు.

ఆ వారంలోనే సమ్మవ్వ ఫోన్ చేసింది. రాయమల్లు ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"తమ్మీ, కాసిపేట సమ్మవ్వను."

"చెప్పక్కా."

"తొమ్మిదోది ఇన్న."

"మంచిగున్నదక్కా. గట్టిగున్నది."

అవతల కోడి ఒకటి అరవడం వినిపించింది.

"అందరు గట్లనే అన్నరు," అంది సమ్మవ్వ. "ఇన్నేండ్ల సంది ఒక్కడు, ఒక్కడన్న నిజం అంటడని చూసిన. నువ్వు మొదటి దాని నుంచి సక్కగ అనుకుంట వస్తుంటివి. నువ్వొక్కనివన్న ఉన్నవనుకున్న."

ఫోన్ పెట్టేసింది.

"ఎవలు?" అని ఐలవ్వ ముందు గదిలో నుంచి అడిగింది.

"సమ్మవ్వ."

"సంబురపడ్డదా?"

"పడ్డది."

ఐలవ్వ కళ్లు మూసుకుంది. ఆ మాటతో ఆమెకు ఒక పని దొరికింది. రోజూ కొంచెంసేపు రమను పక్కన కూర్చోబెట్టుకొని తన సంగతులు చెప్పేది. సమ్మవ్వ గడప అవతల అడిగినప్పుడు రమ తడుముకోకూడదు కదా. నల్లా కాడి కొట్లాటలో పక్కింటి సారవ్వ బిందె ఎలా సొట్టపోయిందో చెప్పింది. ఎవరు తన మీద అబద్ధాలు వేశారో, తను ఎవరి మీద వేసిందో చెప్పింది. రమ ముసిముసిగా నవ్వేది. ఒక్కోసారి కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఆ మాటలు మొదలవగానే రాయమల్లు చెప్పులు వేసుకొని బయటికి పోయేవాడు. బతికుండగానే చావు లెక్కలేమిటని ఆయనకు చిరాకు. "ఒక్క నిమిషం కూసో, నీయి గూడ ఉన్నయి ఇందుల," అని ఐలవ్వ అనేది. ఆయన అప్పటికే గేటు దగ్గర ఉండేవాడు.

ఒకనాడు పొద్దటి షిఫ్టు సైరన్ కూశాక ఐలవ్వ పోయింది. మంచం దింపి, తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టారు. కమాన్‌పూర్ నుంచి ఆమె తమ్ముళ్లు వచ్చారు. వచ్చిన ఆడవాళ్లు వచ్చినట్టు ఏడ్చారు, కానీ చెవులు వాకిలి వైపే ఉన్నాయి. అందరికీ తెలుసు, ఆమె ఎవరికోసం చూసిందో.

మధ్యాహ్నం సమ్మవ్వ వచ్చింది.

వీధి మొదట్లో ఆటో దిగి, మనవరాలి భుజం పట్టుకొని నడిచి వచ్చింది. జనం రెండుగా విడిపోయారు. సంపత్ అరుగు ఎక్కి ఫోన్ పైకి పట్టుకున్నాడు. గోడకు ఆనుకొని కూర్చున్న రాయమల్లు ఆమెను చూసి తల దించుకున్నాడు. వచ్చింది. తను చేసినదానికి ఫలం దక్కింది. అంతకంటే ఇంకేం ఆలోచించలేదు.

రమ గడప దగ్గరికి ఎదురుపోయింది. "అవ్వా, మా అత్త..." అని మొదలుపెట్టింది.

సమ్మవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎరుకేనే బిడ్డా," అంది. ఎవరినీ ఏమీ అడగకుండా గడప దాటింది.

ఐలవ్వ తల దగ్గర కూర్చుంది. కొంగు సవరించుకుంది. రాగం ఎత్తింది.

ఇల్లు జూత్తె నువ్వే చెల్లె, వాకిలి జూత్తె నువ్వే
తొవ్వ జూత్తె నువ్వే చెల్లె, పొద్దు జూత్తె నువ్వే

ఇల్లంతా ఒక్కసారిగా గొల్లుమంది. ఆడవాళ్లు ఒకరి మెడలు ఒకరు పట్టుకున్నారు. కమాన్‌పూర్ తమ్ముళ్లు తలలు బాదుకున్నారు. ఓపెన్‌కాస్టు నుంచి డ్యూటీ దిగి వచ్చిన కుర్రాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

రాయమల్లుకు అరచెయ్యి అక్కర్లేకపోయింది. కొడుకా అన్నచోట చెల్లె. మిగతాదంతా క్యాసెట్. ఊపిరి తీసుకున్న చోట్లు కూడా అవే. రెండు చరణాలు అయ్యాయి. సమ్మవ్వ ఆగింది. కళ్లు మూసుకొని, కదలకుండా కూర్చుంది. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకొని ఆడవాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు. ఎవరో మంచినీళ్లు తెచ్చారు. సమ్మవ్వ తీసుకోలేదు. కీబోర్డు ముక్క ఎంతసేపు ఉంటుందో అంతసేపు ఆగింది. అది ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడ మూడో చరణం అందుకుంది.

చివరిదాకా పాడింది. ఐలవ్వ అన్న పేరు ఒక్కసారీ రాలేదు. గోడ పక్కన రమ నోరు కొద్దిగా తెరిచి నిలబడి ఉంది. చెప్పాల్సినవన్నీ ఆ నోట్లోనే ఉన్నాయి.

"ఎంత పెట్టి పుట్టిందో ఐలవ్వ," అంది సారవ్వ. "సమ్మవ్వ నోట శోకం దక్కింది. మనకు దక్కుతదా?"

అందరూ అదే అన్నారు. రాయమల్లు చేతులు పట్టుకొని అన్నారు. ఆయన తల ఊపాడు.

సమ్మవ్వ ఆటో దగ్గరికి పోతుంటే రాయమల్లు వెనకనే పోయాడు. పాడె కడుతున్నవాళ్లు తప్ప అక్కడ ఎవరూ లేరు.

"అక్కా."

"ఏంది తమ్మీ."

"ఆమె పేరు గూడ తియ్యకపోతివి."

"నా కొడుకు పేరు గూడ తియ్యలే గద, తొమ్మిదోదాంట్ల," అంది సమ్మవ్వ. "గట్టి అన్నవు."

"నేనేదో అంటి. ఆమె ఏం జేసిందక్కా నీకు? నీ కోసం ఎంత చూసిందో ఎరుకేనా?"

"ఎరుకే. అందుకే వచ్చిన." ఆటోలో కూర్చొని కాళ్లు లోపలికి తీసుకుంది. "నీకు ఎట్లుంటె గట్టో, గసుంటిదే పాడిన. ఆమె తప్పేం లేదు."

ఆటో పోయింది. పొద్దు వాలకముందే గోదారి ఒడ్డుకు తీసుకుపోయి అంతా ముగించారు.

మరునాడు పొద్దున రాయమల్లు నల్లా కింద స్నానం చేసి, తడి తలతోనే చౌరస్తాకు పోయాడు. మైలలో ఉన్నవాడు ఒకరి గడప ఎక్కకూడదు. షాపు ముందు రోడ్డు మీదే నిలబడ్డాడు. సంపత్ షట్టర్ సగం ఎత్తి ఆయన్ని చూసి కంగారుపడి, స్టూలు బయట వేశాడు.

"నిన్నటిది జనం తెగ చూస్తున్నరు కాక. రాత్రి సంది ఫోన్ ఆగుతలేదు. పదో క్యాసెట్ అంటున్నరు."

"ఫోన్ పెట్టు. చెప్పేదున్నది."

"ఏం జెప్తవు?"

"తొమ్మిదోది బోలు. నిన్నటిది గూడ బోలు."

సంపత్ రోడ్డు వైపు చూశాడు. "ఇంట్ల దీపం గూడ ఆరలే కాక. నీ పెండ్లాం మీద తీసిన శోకాన్ని గిట్లంటె జనం నిన్ను తంతరు. మీ బామ్మర్దులు ఊర్లనే ఉన్నరు."

"పెట్టు."

సంపత్ పెట్టాడు. రాయమల్లు స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

"తొమ్మిదోది బోలు. ఎరుకుండే గట్టి అన్న. నిన్న మా ఇంట్ల పాడింది గూడ గదే పాట. అండ్ల మా ఆమె లేదు. మా ఆమె పేరు ఐలవ్వ. ఆమెది కమాన్‌పూర్. ఆమె..."

ఆగాడు.

"ఆమె పొద్దుగాల్నే లేస్తుండె," అన్నాడు. అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. "పని బాగ జేస్తుండె. మంచిది."

సంపత్ ఫోన్ పట్టుకొని చూస్తున్నాడు. కూరగాయల బండి ఒకటి వాళ్లిద్దరి మధ్యలో నుంచి పోయింది.

"బంద్ చెయ్యి," అన్నాడు రాయమల్లు. "ముందుగాల అడిగొస్త."

ఇంటికి నడిచి పోయాడు. రమ వెనక వాకిట్లో చుట్టాలు తెచ్చిన గిన్నెలు తోముతోంది. ఆయన గడపలో నిలబడ్డాడు.

"బిడ్డా, మీ అత్తకు ఏం కూర ఇష్టముండె?"

రమ చేతులు ఆగాయి. తల తిప్పలేదు.

"ఇన్నేండ్లు నీకు వండి పెట్టింది మామా. నన్నడుగుతున్నవా?"

మళ్లీ గిన్నె అందుకొని తోమడం మొదలుపెట్టింది. రాయమల్లు గడప మీద కూర్చున్నాడు. ఆమె గిన్నెలన్నీ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.